సున్నపు రాతలు

వెనక నుంచి ఎవరో కాలర్ పట్టుకుని లాగేసరికి మనోహర్ చేతిలోని ఫోన్ ఎగిరి పొదలో పడింది.

తిరిగి చూస్తే ఒక ముసలాయన. మోకాళ్ల పైకి ఎగ్గట్టిన లుంగీ, చేతిలో వెదురు కర్ర.

"అటు కాలెట్టావంటే సూడు," అన్నాడు.

మిన్నీ బే తీరం దాటాక కొండవాలులో ఉన్న పాత వాటర్ పార్కు అది. మూతపడి పదకొండేళ్లయింది. గేటుకు తాళం. పాడుబడిన చోట్లలో దూరి వీడియోలు తీయడం మనోహర్‌కి సరదా. ఆ రోజు గోడ దూకి, రంగు వెలిసిన జారుడుబల్లల మెట్లెక్కి, పైన నీళ్ల ట్యాంకుకు కప్పుగా ఉన్న వెడల్పాటి శ్లాబు మీద అడుగు వేయబోతున్నాడు.

"గోడల నిండా సున్నంతో రాసెట్టాను గదా. సదువుకోనేదా?"

మనోహర్ ఆ రాతలు చూశాడు. తెలుగని తెలుసు. ఇంట్లో మాట్లాడే భాషే. కానీ బడిలో చదివింది హిందీ, ఇంగ్లీషు. అమ్మ అక్షరాలు దిద్దిస్తానంటే, ఈ దీవుల్లో దానితో పనేముందని తప్పించుకున్నాడు.

చదవడం రాదని ఈ ముసలాడి ముందు ఒప్పుకోవడం నామోషీ అనిపించింది.

"చదివాను. అయితే ఏంటి?"

"సదివే వచ్చావా?"

చెంప ఛెళ్లుమంది.

ఆయన అంతటితో ఊరుకోలేదు. పొదలో పడిన ఫోన్ తీసుకోనిచ్చి, కాలర్ వదలకుండా పోలీస్ స్టేషన్‌కి నడిపించాడు.

హెడ్ కానిస్టేబుల్ అచ్చిబాబుది బతు బస్తీ పేటలో మనోహర్ వాళ్ల వీధే.

"తాళం వేసిన జాగాలో దూరితే నేరం, తెలుసా? నువ్వెవరు తాతా?"

"వాచ్‌మన్‌ని బాబూ. నూకన్న నా పేరు."

"కంపెనీ మనిషే చెప్తున్నాడు కాబట్టి కేసు గట్టిగానే నిలబడుద్ది. తప్పయిందని మాఫీనామా రాసిచ్చేయ్ మనోహర్. లేదంటే మీ అమ్మగార్ని పిలిపిస్తా."

రాసిచ్చాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా చూస్తుండగా, ముసలాడి ఎదుట నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"ఛోడ్ నా భయ్యా, వదిలేయ్," అన్నాడు సంగతి విని స్టేషన్ బయటికి వచ్చిన స్నేహితుడు సుభాష్.

"ఛోడేది లేదు. వాడి సామాను రోడ్డు మీద పెట్టిస్తా. నాకు దండం పెట్టిస్తా."

రెండు వారాలు అదే పనిగా తిరిగాడు. అబర్డీన్ బజార్‌లో టికెట్ల దుకాణం నడుపుకుంటున్న పార్కు పాత మేనేజరు దొరికాడు.

"వాచ్‌మనా? మూసిన రోజే అందర్నీ పంపించేశాం. అక్కడ మా మనిషి ఎవడూ లేడు."

"అదే ఒక కాగితం మీద రాసిస్తారా సార్?"

ఆ కాగితం తెచ్చి అచ్చిబాబు ముందు పెట్టాడు.

"తాళం వేసిన జాగాలో దూరితే నేరం అన్నావు కదా అంకుల్. మరి లోపల కాపురమే పెడితే?"

అచ్చిబాబు రెండుసార్లు చదివి, టోపీ తీసి తల గోక్కున్నాడు.

మర్నాడు ఉదయం నూకన్న సామాను గేటు బయటికి వచ్చింది. ఒక కిరసనాయిలు స్టవ్వు, సింహాచలం అప్పన్న పటం, ఒక గోనెసంచి. సంచిలోంచి తుప్పు పట్టిన తాపీ పిడి బయటికి కనబడుతోంది.

"పోలీసుతో అబద్ధం చెప్పావు. వయసు చూసి వదిలేస్తున్నా," అన్నాడు అచ్చిబాబు. "ఎల్లుండి వైజాగ్ షిప్పు ఉంది. ఎక్కేయ్."

"ఎల్తాను బాబూ. ఒక్క మాట. ఆ లోపల..."

"కహానీలు వద్దు తాతా," మనోహర్ అడ్డొచ్చాడు. "నా దగ్గర మాఫీ రాయించుకున్నావుగా. ఇప్పుడు నువ్వు చెప్పు."

నూకన్న కర్ర కింద పెట్టి చేతులు జోడించాడు.

"కొట్టడం తప్పే. మాఫ్ సెయ్యి. నువ్వు సదివినోడివి, నీకు తెల్సు గదా. గోడ మీదది మాత్రం సెరపకు. వచ్చినోళ్లకి సూపించు."

ఆ దండంతో మనోహర్ చెంప మంట చల్లారింది.

ఆదివారం సుభాష్‌ని వెంటబెట్టుకుని వెళ్లాడు. ముసలాడు లేని పార్కును తీరిగ్గా వీడియో తీశాడు. గోడలు తీశాడు. రాతలు తీశాడు. సుభాష్ మెట్లెక్కి, శ్లాబు నడిమధ్యకు వెళ్లి, రెండు చేతులూ పైకెత్తి గంతులేశాడు.

మూడో గంతుకు శ్లాబు అతనితో సహా కింది ట్యాంకులోకి కూలిపోయింది.

వెన్నుపూస దెబ్బతిందన్నారు ఆసుపత్రిలో. మళ్లీ నడుస్తాడో లేడో ఇప్పుడే చెప్పలేమన్నారు.

సాయంత్రం మనోహర్ ఇంటికి వచ్చేసరికి తల్లి భారతీదేవి దీపం ముందు లలితా సహస్రనామం చదువుకుంటోంది. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆ ముసలాడు ఏదో చేతబడి చేసిపెట్టాడమ్మా. గోడల నిండా వాడి రాతలే. వైజాగ్‌లో షిప్పు దిగేసరికి పోలీసులు ఉండాలి వాడికి. ఇది చదివి పెట్టు, ఫిర్యాదులో రాస్తాను."

ఆవిడ పుస్తకం మూసి, అదే కళ్లజోడుతో ఫోన్ అందుకుంది. మొదట లోపల్లోపల చదువుకుంది.

"ఇది చదివావా అని ఆయన నిన్ను అడగలేదా?"

"అడిగాడు."

"ఏం చెప్పావు?"

మనోహర్ ఫోన్ కోసం చెయ్యి చాచాడు.

భారతీదేవి ఫోన్ ఇవ్వకుండా, ఒక్కొక్క మాటా విడమరిచి పైకి చదివింది.

"'ఈ శ్లాబు ఎక్కకండి. కాంట్రాక్టరు సముద్రపు ఇసుక కలపమంటే కలిపాను. లోపల ఇనుమును ఉప్పు తినేసింది. కంపెనీకి చెప్పాను, వినలేదు. ఎవరి బిడ్డా దీని మీద అడుగు పెట్టకుండా నేను బతికున్నన్నాళ్లూ ఇక్కడే కాపలా ఉంటాను. ఇట్లు, ఈ శ్లాబు పోసిన తాపీమేస్త్రి నూకన్న.'"