వణకని పెన్సిల్

దిద్దుకలాలు వచ్చి ముప్ఫై ఏళ్లయింది. రాసినదాంట్లో తప్పు దొర్లితే కలం వేళ్ల మధ్య చిన్నగా వణికి, అక్షరాన్ని తనే సరిచేస్తుంది. కాకినాడ ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సు సలోమి పెన్సిల్ పట్టడం ఇదే మొదటిసారి. తుఫాను వచ్చి సిగ్నళ్లు పోతే కలాలు మూగబోతాయి కాబట్టి, మందుచీటీ సొంతంగా రాయగలిగినవాళ్లకే ఇక్కడ ఉద్యోగం ఖాయం.

“రెండు మాత్రలూ విడివిడిగా వేసుకోవాలని ఇంగ్లీషులో రాయమ్మా” అంది పెద్దనర్సు వరహాలమ్మ.

సలోమి ‘సెపరేట్లీ’ అని రాసి, పెన్సిల్ వణుకుతుందేమోనని అలవాటుకొద్దీ ఆగింది. వణకలేదు. హమ్మయ్య, ఒప్పే!

“దాన్నేం చూస్తావే పిల్లా? అది ఉత్త కర్ర!”

సలోమి మాటను కూడబలుక్కుంటూ మళ్లీ చదివింది. ‘పి’ తర్వాత ‘ఏ’ ఉండాల్సిన చోట ‘ఇ’ ఉంది! గబగబా చెరిపి దిద్దింది.

“సిస్టర్, తప్పు నేనే పట్టుకున్నాను! నేనే దిద్దాను!” అంటూ గంతేసినంత పని చేసింది.

వరహాలమ్మకూ ఉత్సాహం ఆగలేదు. ఆ పెన్సిల్ లాక్కుని చీటీ కింద సంతకం గీకింది. గీకి, వణుకుతుందేమోనని ఒక్క క్షణం ఆగింది.