గడప దాటిన బ్యాగు

కనకదుర్గ పెరటి అరుగు మీద కూర్చుని శీలావతి చేప పొలుసు తీస్తోంది. పొలుసు ఎప్పుడో అయిపోయింది. అయినా కత్తి ఆపడం లేదు.

"అమ్మా, ఆ చేపకి ఇంక చర్మం కూడా మిగల్లేదు," అంది గుమ్మంలో నిలబడ్డ కూతురు భవాని. "నా బ్యాగు బేబీ పిన్ని వాళ్ళింట్లో పెట్టేవంట. ఎందుకు?"

"ప్రస్థానం పెట్టేను. సాయంత్రం నువ్వు బయల్దేరే టైము బాలేదు. సామాను ముందే గడప దాటించి పక్కింట్లో పెట్టేస్తే ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు. ఇంక దాన్ని వెనక్కి తేకూడదు."

"అంటే నేను వెళ్ళిపోయినట్టేనా?"

"లెక్క ప్రకారం వెళ్ళిపోయినట్టే."

"మరి నాకు చేపల పులుసు ఎందుకు వండుతున్నావు?"

కనకదుర్గ చేపని అటు తిప్పి మళ్ళీ గీకడం మొదలుపెట్టింది.

వరండాలో పేపరు చదువుతున్న పెద్దిరాజు నవ్వాడు. "విమానం నడిపేవాడికి మీ అమ్మ ముహూర్తంతో పనేంటమ్మా? ఆవిడ గోల ఆవిడది. ఆఫ్రికాలో ఆ మలావీ దేశం వెళ్ళి రెండేళ్ళు జీతం లేకుండా అక్కడోళ్ళకి చేపల పెంపకం నేర్పుతానన్నావు. వెళ్ళు, నేర్పు. హైదరాబాదు దాకా నేనొచ్చి దింపుతాను."

"మీకేం, బాగానే చెబుతారు," అంది కనకదుర్గ. "మన చెరువుల్లో చేపలు దానికేం పాపం చేసేయండీ? వాటి మొహం చూడకుండా అంత దూరం వెళ్ళాలా?"

"మరి ద్వాక్రా మీటింగులో అందరికీ గొప్పగా చెప్పుకున్నదెవరు?"

"నేనే చెప్పుకున్నాను. గర్వంగానే ఉంది. గర్వం ఉంటే బెంగ ఉండకూడదా ఏంటి?"

ఇంతలో గోడ అవతలి నుంచి బేబీ తల పైకి లేచింది.

"అక్కగారండీ, బ్యాగుకి బొట్టు పెట్టి మంచం మీద ఉంచేనండి. కానీ ఒక మాటండి. మీరు తెచ్చినప్పుడు పదిన్నర. ఇప్పుడే క్యాలెండర్ చూసేను. పన్నెండు దాకా వర్జ్యం ఉందండి."

"ఆయ్, తెలుసు," అంది కనకదుర్గ, తల ఎత్తకుండా.

బేబీ తల మెల్లగా గోడ కిందికి దిగిపోయింది.

భవాని వచ్చి తల్లి పక్కన చతికిలబడింది. "అమ్మా, క్యాలెండర్ చూడకుండా నువ్వు దువ్వెన కూడా కొనవు. తెలిసే వర్జ్యంలో పెట్టేవా?"

కత్తి ఆగింది.

"చూసే పెట్టేను. ఏదైనా చిన్న అడ్డం వస్తుందనుకున్నాను. రైలు తప్పిపోవడం, కాయితంలో పేరు తప్పు పడటం, అంతమట్టుకే. ఇప్పుడు గుండె దడగా ఉందే. ఇంత అడ్డం చాలు అని వర్జ్యానికి మనం కొలిచి ఇవ్వలేం కదా. నీకేమైనా అయితే?"

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"బ్యాగు వెనక్కి తెచ్చేద్దాం. కాళ్ళు కడుక్కుని కాసేపు పడుకో. శుక్రవారం మంచి టైము చూసుకుని మళ్ళీ బయల్దేరు."

"విమానం రేపమ్మా."

"అదేగా నేనూ అంటున్నాను."

"అంటే వెళ్ళొద్దంటావా?"

"వెళ్ళొద్దని ఎవరన్నారు? అందరికీ చెప్పేసేను కూడా."

పెద్దిరాజు పేపరు మడిచి పక్కన పెట్టాడు. పెరట్లోకి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. చెరువు మీద పనివాళ్ళకి బుద్ధి చెప్పేటప్పుడు అలాగే నిలబడతాడు.

"ముప్పై ఏళ్ళుగా చేపలు పెంచుతున్నాను. ఏ రోజైనా వర్జ్యం చూసి మేత వేసేనా? వర్జ్యంలో మేత తిన్న చేప ఒక్కటైనా చచ్చిందా? మనిషికి ధైర్యం ఉండాలి. అమ్మాయీ, ఆ బ్యాగుతోనే వెళ్ళు. వర్జ్యం లేదు, గిర్జ్యం లేదు. ఏదైనా అయితే నన్నడుగు."

"ఛార్జర్ మర్చిపోయాను, తెచ్చుకుంటాను," అంటూ భవాని లోపలికి వెళ్ళింది.

కాసేపటికి బయటికి వచ్చింది. ఒక చేతిలో ఛార్జర్. రెండో చేతిలో నీలం రంగు బ్యాగు.

కనకదుర్గ కత్తి కింద పడేసి లేచింది. "ఎప్పుడు తెచ్చేవే? ఎవరు తెమ్మన్నారు?"

"ఎవరూ తేలేదమ్మా. ఇది నా గదిలో తలుపు వెనకాలే ఉంది. పొద్దుట్నుంచి కదలనే లేదు. చూడు, నా పాస్‌పోర్టు, నా బట్టలు."

"నిజంగా?"

"నిజంగానే. నా మీద ఏ వర్జ్యమూ పడలేదు."

కనకదుర్గ నవ్వేసింది. దేవుడి గది వైపు తిరిగి దణ్ణం పెట్టింది. నవ్వుతూ ఉండగానే ఇంక అమ్మాయి ప్రయాణానికి అడ్డం ఏదీ మిగల్లేదని అర్థమైంది. కళ్ళు తుడుచుకోబోయి, చేతికి చేప నీచు ఉందని గుర్తొచ్చి, మోచేత్తో తుడుచుకుంది.

"స్టేషనుకి వెళ్ళడానికి టైముకి కారు రమ్మని చెప్పండి," అంది భర్తతో. "చల్లగా వెళ్ళొస్తుంది."

"నేను చెప్పలేదా?" అన్నాడు పెద్దిరాజు. "ఇంతకీ బేబీ వాళ్ళ మంచం మీద ఉన్న బ్యాగు ఎవరిది?"

"నీదే నాన్నా," అంది భవాని. "కొత్తపేటలో ధర తగ్గుతుందని రెండూ ఒకే రంగువి కొన్నావు కదా. నీ గదిలో చూసేను, హైదరాబాదుకని సర్దుకున్న నీ బ్యాగు లేదు."

చెరువు గట్టు తెగిన రోజు కూడా నింపాదిగానే నడిచిన పెద్దిరాజు, చెప్పులైనా వేసుకోకుండా, ఎవరితో ఒక్క మాటైనా అనకుండా, ఇంట్లోంచి బేబీ వాళ్ళింటివైపు పరుగుపెట్టాడు.