కోదండ గడియారాలు

కబడ్డీ కెప్టెన్ కోదండ గొంతుతో, కొన్నవాళ్లని పేరు పెట్టి పిలిచి నిద్రలేపే గడియారాలు మా గుంటూరు కొట్లో మూడు వందలు అమ్మాను. నిన్న భార్యను కొట్టి అతను జైలుకెళ్లాడు. ఈ ఉదయం కంపెనీ ఆ గడియారాలన్నిటిచేతా క్షమాపణ చెప్పించింది.

నాగరత్నమ్మ తన గడియారం తెచ్చి బల్లమీద పెట్టింది.

"వెనక్కి తీసుకో శేషయ్యా. మా పిల్ల అన్నం ముట్టడం లేదు."

"తప్పయిందన్నాడుగా అక్కా?"

"అన్నాడయ్యా, దాని పేరు పెట్టి మరీ. 'క్షమించమని నన్నెందుకు అడుగుతున్నాడమ్మా, వాళ్లావిణ్ణి అడిగాడా?' అంటోంది."

అప్పటికే వెనక్కొచ్చినవి అలమర నిండా ఉన్నాయి. ఒక్కోటీ ఒక్కో పేరుతో, ఒకే గొంతు వణుకుతో బతిమాలుతోంది. పొద్దున ఆ వణుకే నా పేరుతో విని, నాకొక్కడికే అనుకుని క్షమించేశాను.

ఇంటికెళ్లి నాదీ తెచ్చి, ఆ వరసలోనే పెట్టాను.