నున్నటి గోడ

ఆ ఇంటి అల్లుడికి వీడియో చూస్తే చాలు, పనొచ్చేసినట్టే. కిందటిసారి కుళాయి బాగుచేశాడు. ఆ తర్వాత ఇంట్లో తిరగడానికి పడవ ఒక్కటే తక్కువైంది.

ఈసారి గోడ.

ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రిలో ఉన్న మామగారు సాయంత్రం ఇంటికొస్తున్నారు. ఆయనకంటూ ఒక గది ఉండాలని హాలుకి అడ్డంగా జిప్సం బోర్డులు నిలబెట్టాడు అల్లుడు. అతుకుల మీద టేపు అంటించి లప్పం పూశాడు.

టేపు ఉబ్బింది.

"గోడకి బొబ్బలెక్కాయేమిటి అల్లుడుగారూ?" అంది అత్తగారు.

"టేపు కింద లప్పం చాల్లేదత్తయ్యా. కోసి మళ్లీ పూస్తా."

పూశాడు. ఆరాక అతుకు వెంట గట్టు తేలింది. గరుకు కాగితంతో రుద్దాడు. గట్టు పోయి సూదిబెజ్జాలు బయటపడ్డాయి. మళ్లీ పూత, మళ్లీ రుద్దుడు. వారంగా ఇదే వరస.

మంచం, దుప్పటి, అత్తగారి కనుబొమలు అన్నీ తెల్లబడ్డాయి.

"ఇక వదిలెయ్యి బాబూ. ఆయన గోడను చూస్తారా, మనల్ని చూస్తారా?"

"కళ్లు తెరిస్తే ఎదురుగా ఇదే కదా. 'నువ్వు పట్టిన పని ఏది తిన్నగా ఏడిచింది' అంటారు మామయ్య."

ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి కూతురు.

"నాన్నను వ్యాను ఎక్కించారమ్మా. బయల్దేరుతున్నాం."

అల్లుడి చెయ్యి మరింత వడిగా ఆడింది.

తెరిచి ఉన్న గుమ్మంలో ఎవరో ఒకావిడ, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ముందు ఆ రుద్దడం ఆపండి."

కింద వాటావాళ్లు దుమ్ము గురించి గొడవ చేస్తున్నారని వాచ్‌మన్ పొద్దుటే చెప్పాడు.

"మీ బట్టల మీద పడిందా? కాసేపు ఓర్చుకోండి," అన్నాడు అల్లుడు.

ఆవిడ దుప్పటి మీద వేలితో గీత గీసి చూసుకుంది. "దీనిమీద పడుకోబెడతారా?"

"మా ఇంట్లో ఎవరెక్కడ పడుకుంటే మీకెందుకమ్మా?" అంది అత్తగారు.

"చూడండి, నేను..."

"తెలుసండీ. మీ కిటికీలు మూసుకుంటే సరిపోతుంది. వెళ్లిరండి," అన్నాడు అల్లుడు.

ఆవిడ ఇంకేదో అనబోయి, చేతిసంచిలో ఫోను వెతుక్కుంటూ గబగబా మెట్లు దిగింది.

గోడ అద్దంలా తయారైంది.

వ్యాను రాలేదు.

కూతురు ఫోను ఎత్తడం లేదు. అత్తగారు బాల్కనీకి, గదికి మధ్య తిరుగుతోంది.

"దారిలో ఆయనకేమైనా..." అంటూ మళ్లీ బాల్కనీలోకి నడిచింది.

చివరికి ఫోను మోగింది. అల్లుడు స్పీకరు నొక్కాడు.

"కంగారుపడకమ్మా. నాన్న బాగానే ఉన్నారు. మళ్లీ ఆసుపత్రికే తెచ్చేశారు."

"ఎందుకే?"

"మనింట్లో దుమ్ముకి ఆయన ఊపిరి నిలవదని, వ్యాను వెనక్కి తిప్పించారు."

"ఎవరు?"

"ఇంట్లో నాన్నను చూసుకోమని నేను ఆసుపత్రిలో కాళ్లావేళ్లా పడి ఒప్పించుకున్న నర్సమ్మే. నాన్నకంటే ముందే వచ్చి గది చూసిందట. ఇక మనింటికి మాత్రం రానంది. ఏమన్నారావిణ్ని?"

"కింద వాటా ఆవిడేమో అనుకుని..." అంది అత్తగారు.

"లేదత్తయ్యా, తప్పు నాదే," అన్నాడు అల్లుడు. "ఆవిడ చెప్పబోతుంటే నోరు తెరవనివ్వలేదు."