గోడ మీద దోహా

డేవిడ్ రాజుకు పొద్దుటి నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. గుడివాడ నుంచి దైవాధీనం గారు వస్తున్నారు. ఆయన కొడుకు ప్రేమ్ సాగర్, డేవిడ్ రాజు కూతురు హెప్సిబా బందరులో ఒకే బ్యాంకులో పనిచేస్తూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. పిల్లలు అన్నీ మాట్లాడేసుకున్నాక పెద్దవాళ్ళకు మిగిలేది కాఫీ తాగి ప్రార్థన చేసుకోవడమే. అందులో భయపడాల్సిందేమీ లేదు.

భయమంతా ముందు గదిలోని గోడతోనే వచ్చింది.

ఆ గోడ నిండా రంగుల టైల్స్ మీద దోహా నగరం మెరిసిపోతోంది. నీలం సముద్రం, ఒడ్డున అద్దాల మేడలు, మధ్యలో ఒక గుండ్రటి భవనం, పడవలు, వరసగా చెట్లు. కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్ళు కొందరు దేవుడి బొమ్మ వేయించుకుంటారు, కొందరు జలపాతం వేయించుకుంటారు. డేవిడ్ రాజు తనకు అన్నం పెట్టిన ఊరు వేయించుకున్నాడు. టైల్స్ షాపుకు వెళ్ళి "దోహా సముద్రం ఒడ్డు కావాలి, ఖరీదు చూడకండి" అని చెప్పి వచ్చాడు. నిన్న మేస్త్రీ పని ముగించి వెళ్ళాక చూసి, "అబ్బో, ఎంత మారిపోయిందో!" అనుకున్నాడు.

నిజానికి మారకముందు ఎలా ఉండేదో కూడా అతనికి తెలియదు. ఏళ్ళ తరబడి ఖతార్లో ఉన్నమాట నిజమే. కానీ ఉన్నది ఎడారి మధ్య ఒక క్యాంపులో, చేసింది మెస్సులో ఉల్లిపాయలు తరిగే పని. దోహా చూసింది ఎయిర్‌పోర్టు బస్సు కిటికీలోంచి, అదీ సగం నిద్రలో. బందరు తిరిగొచ్చి మాత్రం సముద్రం కనపడే పదో అంతస్తులో కాపురమున్నట్టు కోతలు కోశాడు. చెప్పగా చెప్పగా భార్య రత్నకుమారి నమ్మింది, సంఘం నమ్మింది, చివరికి తనే సగం నమ్మాడు.

అంతా చెల్లిపోయేదే. కానీ నిన్న రాత్రి భోజనాల దగ్గర హెప్సిబా మెల్లిగా అంది.

"నాన్నా, మావయ్య గారు కూడా దోహాలోనే ఇంజనీరుగా చేశారంట. ఊరంతా ఆయనకి కొట్టినపిండంట."

డేవిడ్ రాజు చేతిలో ముద్దను మళ్ళీ కంచంలో పెట్టేశాడు.

"ఇంకోటి నాన్నా. అబద్ధాలు చెప్పేవాళ్ళంటే ఆయనకి అస్సలు పడదంట. ఏదో చిన్న అబద్ధానికే సొంత తమ్ముడితో మాటలు మానేశారంట. కాస్త చూసుకుని మాట్లాడు."

పిల్ల పెళ్ళి తన నోటి దురదకు బలైపోతుందేమోనని అతనికి బెంగ పట్టుకుంది. గోడకు దుప్పటి కప్పుదామా అనుకున్నాడు. అంత దుప్పటి ఇంట్లో లేదు.

దైవాధీనం గారు రానే వచ్చారు. తెల్ల చొక్కా, బంగారు ఫ్రేము కళ్ళజోడు, చూస్తేనే లేచి నిలబడాలనిపించే మనిషి. "వందనాలండీ" అంటూ లోపలికి అడుగుపెట్టి, గోడ చూసి ఆగిపోయారు.

"ఇదేంటండీ?"

"దోహా అండీ," అన్నాడు డేవిడ్ రాజు, పీలగొంతుతో. "మీకు తెలియని ఊరా!"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. ఇక అయిపోయింది అనుకున్నాడు డేవిడ్ రాజు.

"ఎంత బాగా దింపాడండీ!" అన్నారు దైవాధీనం గారు. "ఇదిగో, ఈ గుండ్రటి బిల్డింగు పక్క సందులోనే మా ఆఫీసు."

డేవిడ్ రాజుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "దాని వెనకే కదండీ మా ఫ్లాటు!"

"అయితే శుక్రవారం సెలవునాడు ఆరాధనకి ఈ రోడ్డు మీదుగానే వెళ్ళేవారన్నమాట."

"ఇంకే రోడ్డుందండీ!"

రత్నకుమారి కాఫీ పట్టుకొచ్చింది. "అన్నయ్య గారూ, నాకో అనుమానమండీ. ఈ చెట్లు ఖర్జూరాలంటారు ఈయన. నాకేమో మన తాటిచెట్లలా కనపడుతున్నాయి."

"అక్కడ ఖర్జూరం అలాగే ఉంటుందమ్మా," అన్నారాయన తడుముకోకుండా. "ఎరువు ఎక్కువ కదా."

"మరి ఎడారిలో ఇంత పచ్చదనమేంటండీ?"

"డబ్బున్న దేశం చెల్లెమ్మా. వాళ్ళు తలుచుకుంటే ఇసకలో వరి కూడా పండిస్తారు."

డేవిడ్ రాజుకు ఒక్కసారిగా సిగ్గేసింది. అవతల అన్నీ కళ్ళారా చూసొచ్చిన పెద్దమనిషి, ఇవతల ఉల్లిపాయలు తరిగొచ్చి ఊరు ఏలినట్టు చెప్పే తను. పెళ్ళయ్యాక ఏదో ఒకరోజు ఆయన చేతులు పట్టుకుని నిజం ఒప్పేసుకోవాలని మనసులో గట్టిగా అనుకున్నాడు.

"బావగారూ," అన్నారు దైవాధీనం గారు కాఫీ కప్పు కింద పెట్టి. "ఈ గోడ చూశాక నేనింకేం అడగను. ఉన్నది ఉన్నట్టు చెప్పే ఇంటితోనే వియ్యమందాలని ఎప్పట్నించో ప్రార్థన చేసుకుంటున్నా. ఇది ఆ ఇల్లే. మంచి రోజు చూసి చర్చిలో పెళ్ళి ప్రకటన వేయిద్దాం."

తలుపు వెనక హెప్సిబా ముఖం వెలిగిపోయింది. అప్పటికే ఆమె వేళ్ళు ఫోన్లో ప్రేమ్ సాగర్‌కి కబురు పంపేస్తున్నాయి.

అందరూ లేచి నిలబడ్డారు. దైవాధీనం గారు కళ్ళు మూసుకుని, "సత్యస్వరూపివైన తండ్రీ" అని మొదలుపెట్టి, అబద్ధం మీద కట్టిన ఇళ్ళు ఎలా కూలిపోతాయో దేవుడికి చాలాసేపు వివరించారు. ప్రతి మాటకూ అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది డేవిడ్ రాజే.

ఆఖరి ఆమెన్ పూర్తవుతుండగా వాకిట్లో ఆటో ఆగింది. టైల్స్ షాపు సుబ్బారావు రొప్పుకుంటూ లోపలికొచ్చి, గోడ చూసి తల పట్టుకున్నాడు.

"పెట్టెలు మారిపోయాయండీ రాజు గారూ, మీ దోహా ఇదిగో ఈ ఆటోలో ఉంది, మీ గోడకి పెట్టింది రియల్ ఎస్టేట్ వాళ్ళు 'ఇరవై ఏళ్ళ తర్వాత మన బందరు' అని ఊహించి గీయించుకున్న బొమ్మండీ!"