సీసా మీది లక్క

కెంటకీలో ఆకులు ఎర్రబడ్డాయంటే మా ఇంట్లో ఆపిల్ రసం కాగాల్సిందే. అందులో మేపుల్ పాకం, దాల్చినచెక్క, చివర్న విస్కీ. కలిపి హార్లన్‌కి ఇచ్చాను. మా ఆయన రుచి చూసి సరేనంటేనే విస్కీ బట్టీలోంచి పీపా కదులుతుంది.

గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు.

"విస్కీ ఎక్కువైందే డెల్లా. గొంతు మండిపోతోంది."

"పోయినేడు నీళ్లలా ఉందని సాధించావుగా!"

"అందుకని ఇంతా?" నవ్వాడు. "రేపు తొందరగా లేపు. నలభై పీపాలు రుచి చూడాలి."

వంటింట్లోకి వచ్చాను. పొయ్యి పక్కన విస్కీ సీసా. మూతి మీది ఎర్ర లక్క సీలు చెక్కుచెదరలేదు. పోయడమే మర్చిపోయాను.

పోయిన నెల జ్వరంపడి లేచినప్పటి నుంచీ, ఉప్పు మర్చిపోయినా సరే, నా వంటకి ఒక్క వంకా పెట్టలేదు. మారాడనుకున్నాను.

"ఇంకో గ్లాసు తే! ఈసారి విస్కీ తగ్గించు," హాల్లోంచి కేకేశాడు.

"అలాగే," అన్నాను.