బొట్టు లేని స్కీ

జనగామ దవాఖాన మెట్ల మీద దిలీప్ కొబ్బరిబోండం పట్టుకుని నిలబడిపోయాడు. లోపలికి వెళ్దామంటే కాళ్లు రావడం లేదు. వెనక్కి పోదామన్నా రావడం లేదు.

ఇవాళ చెప్పేయాలి. నిన్న కూడా ఇలాగే అనుకున్నాడు. మొన్నా అంతే. తీరా మంచం దగ్గరికి వెళ్లాక పళ్ల ధర గురించీ, ఎండ గురించీ మాట్లాడి వచ్చేశాడు.

ఆ మంచం మీద జమ్లీ ఉంది. గంగారం అవతల తండా పిల్ల. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రిజర్వాయర్‌లో వాటర్ స్కీ నేర్చుకుంటోంది. మోటారు బోటు వెనక తాడు పట్టుకుని, కాళ్లకు పొడవాటి పలక తొడుక్కుని నీళ్ల మీద జారే ఆట అది. ఆ పలకే స్కీ. దాని మీద ఒకదాని వెనక ఒకటి రెండు ప్లేట్లు, ఒక్కో ప్లేటుకు ఒక్కో రబ్బరు బూటు. ప్లేటును స్కీకి పట్టి ఉంచేవి నాలుగే నాలుగు స్క్రూలు. ఆ స్క్రూలు చూసుకోవడమే దిలీప్ ఉద్యోగం.

జమ్లీ, ఆమె స్నేహితురాలు రామి ఒకే తండా నుంచి వచ్చారు. ఒకే గది, ఒకే కంచం, ఆఖరికి బూట్ల సైజు కూడా ఒకటే. దసరా మరునాడు సెలెక్షన్. పెద్ద క్యాంపుకు వెళ్లేది ఒక్కరే. వెళ్లిన పిల్లకు హాస్టలు, చదువు. మిగిలిన పిల్లకు తండా, మిర్చి ఏరే కూలి.

దసరా నాడు దిలీప్ స్కీలన్నీ కడిగాడు. స్క్రూలు బిగించాడు. బిగించిన ప్రతి స్క్రూ తల మీదా తడి కుంకుమతో బొట్టు పెట్టాడు. తర్వాత పనిముట్లన్నీ పూజలో పెట్టి దండం పెట్టుకున్నాడు. ఇక తెల్లారేదాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. తెల్లారి చూస్తే స్క్రూడ్రైవర్ మీది బంతిపువ్వు కింద పడి ఉంది. ఎలుకలకు పూజేమిటి, పునస్కారమేమిటి అని విసుక్కున్నాడు.

మొదట రామి వంతు. జమ్లీ ఇంకా బట్టలు మార్చుకునే గదిలోనే ఉంది. రామి తన స్టాండులోంచి స్కీ తీసుకుని ఏడుపు ముఖం పెట్టింది.

“అన్నా, అందరియిటికి బొట్టు పెట్టి నాదానికే పెట్టలే. ఇయ్యాలనే గిట్ల జేస్తివేంది?”

దిలీప్ చూశాడు. నిజమే. ముందు ప్లేటు మీద ఎక్కడా ఎరుపు లేదు. బొట్టు పెట్టలేదంటే, బిగించడం కూడా మరిచిపోయాడన్నమాటే.

“ఏందిరా దిలీప్, ముహూర్తం జూస్తున్నవా?” కోచ్ రాజేందర్ సార్ బోటులోంచి అరిచాడు.

దిలీప్ ఇంకేం ఆలోచించలేదు. పక్క స్టాండులోంచి జమ్లీ స్కీ తీసి రామి చేతిలో పెట్టాడు. రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. రామి తిరిగి వచ్చేలోగా ఈ రెండోదాన్ని బిగించేద్దామనుకున్నాడు. అంతలో పెట్రోలు డబ్బా కావాలన్నారు. తెచ్చేసరికి రామి వచ్చేసింది. జమ్లీ అప్పటికే నీళ్లలో కూర్చుని కాళ్లు చాపింది. దిలీప్ ప్లేటును చేత్తో ఊపి చూశాడు. గట్టిగానే ఉన్నట్టు అనిపించింది. నీళ్లలోనే ఆమె కాళ్లకు తొడిగేశాడు.

రిజర్వాయర్ నడుమ ముందు బూటు ప్లేటుతో సహా ఊడి వచ్చింది. వెనక కాలు స్కీలోనే ఇరుక్కుని మెలితిరిగింది. ఆమెను బోటులోంచి ఎత్తుకుని ఆటో దాకా మోసింది దిలీపే. నడవగలదు గానీ స్కీ సంగతి మరిచిపొమ్మని డాక్టర్ చెప్పాడు. సీటు రామికి వచ్చింది.

దిలీప్ సార్ దగ్గర నోరు విప్పబోయాడు. “నీళ్లల్ల మొద్దు తగిలిందనుకుంటున్నరు అందరు. అనుకోనీ. నీ కొలువు నీకుంటది,” అని సార్ అక్కడే ఆపేశాడు. అప్పటి నుంచి దిలీప్‌కు అన్నం సయించడం లేదు.

వార్డులోకి అడుగు పెట్టగానే జమ్లీ తల్లి మోతీ లేచి స్టూలు జరిపింది.

“రా బిడ్డా. నువ్వు మోసుకరాకుంటె నా పోరి ఏమయ్యేదో. ఇదేమో రామి వస్తె గోడదిక్కు తిరిగి పంటది. పొద్దుగాల ఆ పిల్ల అన్నం తినిపిస్తనని కూసుంటె, నోరు తెరువలే. సోపతిదాన్ని గట్ల జేస్తరా?”

దిలీప్ తల దించుకున్నాడు. చేతిదాకా వచ్చిన సీటు పోతే ఎవరికి మాత్రం కడుపు మండదు? ప్రాణంగా ఉన్న ఇద్దరినీ విడదీసిన పాపం కూడా తనదే.

మోతీ గ్లాసు కడగడానికి వెళ్లింది. జమ్లీ గోడవైపే చూస్తోంది.

“జమ్లీ, జర ఇను. నీ కాలు ఇరిగింది నా వల్లనే,” అన్నాడు దిలీప్. “ఆ దినం నువ్వు తొడుక్కున్న స్కీ నీది గాదు, రామిది. బొట్టు లేదని రామి ఏడిస్తె నీ స్కీ ఇచ్చి తోలిన. బొట్టు లేదంటె నేను బిగియ్యనట్టే గదా. ఎరికుండి గూడ దాన్ని నీకు తొడిగిన. ఇప్పుడే మీ అవ్వకు చెప్త, సార్‌కు చెప్త. కొలువు పోతె పోనీ.”

జమ్లీ మెల్లగా ఇటు తిరిగింది. పడిన దగ్గర్నుంచి ఆమె అతని ముఖంలోకి చూడడం ఇదే మొదలు.

“గా స్కీ రామిదా?”

“అవు.”

ఆమె తన కుడిచేతి వేళ్లను చాలాసేపు చూసుకుంది. దుప్పటికేసి గట్టిగా రుద్దింది.

“నువ్వు బొట్టు పెట్టినవ్ అన్నా… పూజలకెల్లి స్క్రూడ్రైవర్ తీసి రామి స్కీకి స్క్రూలు లూజు జేస్తుంటె, గా కుంకుమ నా ఏళ్లకే అంటింది.”